కరెంటు ఇచ్చేటోడు మా బావ

మా బావ రఘుపతి కరెంటు ఇచ్చేటోడు. ఈ పేరు నేను పెట్టింది కాదు, ఊరు పెట్టింది కాదు. ఆయనకు ఆయనే పెట్టుకున్నడు. కొత్తగ ఎవలన్న కలిసి ఏం పని చేస్తవని అడిగితే "ఎవుసం చేస్త" అనడు, "కరెంటు ఇస్త" అంటడు. ఎదుటోడు పాపం లైన్‌మన్ అనుకుంటడు. అప్పుడు చూడాలె మా బావ మొహం. "లైన్‌మన్ ఏందయ్యా, లైన్‌మన్‌కే నేనిస్త" అని ఎగిరి పడ్తడు.

నేను నాగరాణిని. బావ భార్య అరుణమ్మ మా అక్క. అక్కను ఇచ్చిన ఊరికే నన్నూ ఇచ్చిండ్రు, వాళ్ల ఇంటికీ మా ఇంటికీ నడుమ ఒక్క గల్లీ. మేళ్లచెరువు పక్కన ఊరు మాది. సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము మా బట్టల మీద, చెట్ల మీద, ఆరబెట్టిన గిన్నెల మీద ఒక్కతీరుగ పడ్తది. ఆ దుమ్ములనే ఇన్నేండ్ల సంది ఈ మనిషిని చూస్తున్న. ఆయన సంగతి నాకు తెలిసినంత ఆయనకు గూడ తెల్వదు.

ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే, ఆయనకు ఈ పిచ్చి ఊరికే పట్టలే. తెలంగాణ రాకముందు మా దిక్కు బోరు మోటర్లకు కరెంటు ఎప్పుడొస్తదో, ఎప్పుడు పోతదో దేవునికే ఎరుక. వరి పొట్టకొచ్చిన టైంల ట్రాన్స్‌ఫార్మర్ కాలింది. అప్పుడు మా ఊరి లైన్‌మన్ మారయ్య. బావ ఆయనెనుక తిరిగిండు, కల్లు పోసిండు, కోడిని కోసిండు. ఆఖరికి ఒకనాడు హోటల్ కాడ పది మంది ముంగట మారయ్య అన్నడట, "కరెంటేమన్న మీ అయ్య జాగీరా, అడగంగనే ఇయ్యనీకి?" అని. ఆ ఏడు వరి ఎండిపోయింది. ఆ మాట యాదికొచ్చినప్పుడల్ల బావ అన్నం కాడికెల్లి లేచిపోయేటోడని అక్క చెప్పింది. ఆ మాట దగ్గర నాకూ జాలే, నేనేం రాయిని కాను. కానీ ఎవడో అన్న మాటకు ఇంట్లోళ్లు చెమటలు కక్కాల్నా?

తెలంగాణ వచ్చినంక బోర్లకు కరెంటు నిలవడ్డది. మారయ్య రిటైరై ఇంట్ల కూసున్నడు. ఊరంత ఆ పాత రోజులు మర్చిపోయి హాయిగున్నది. మా బావ ఒక్కడే మర్చిపోలే. మోటరు ఆగకుంట పోస్తనే ఉన్నది, ఈయన కడుపుల మంట మాత్రం ఆరలే. గప్పుడు, ఇంటి మీద సోలార్ ప్లేట్లు పెట్టుకుంటే మన ఇంటి కరెంటు మనమే తీయొచ్చు, లైన్లకు గూడ ఇయ్యొచ్చు అని ఎవలో చెప్పిండ్రు. "ఇయ్యొచ్చు" అన్న మాట చెవుల పడ్డది, ఇగ మనిషి ఆగలే. పోయినేడు ఎండకాలం ముంగట దాబా మీద ప్లేట్లు ఎక్కినయ్, కొబ్బరికాయ కొట్టిండు, ఊరందరికీ శక్కరి పంచిండు.

ప్లేట్లు బిగించినాయన పోయేముందు నిమ్మళంగ చెప్పిండు. "పగటీలి ఎండకు ఇది కరెంటు తీస్తది. ముందు మీ ఇంటికి వాడుకుంటరు. మిగిలింది లైన్లకు పోతది. రాత్రి మీకు కావల్సింది లైన్లకెల్లి వస్తది. పోయింది ఎగుమతి, వచ్చింది దిగుమతి. రెండూ ఫోన్ల కనవడ్తయ్."

గింతే. చిన్న పోరలకు గూడ అర్థమైతది. మా బావకు మాత్రం అండ్ల ఒక్క మాట ముల్లు గుచ్చినట్టు గుచ్చింది.

"మిగిలింది అంటవేంది?" అన్నడు.

"అంటే, మీరు వాడుకోంగ మిగిలిందండీ."

"మేం వాడుకోంగ మిగిలింది వాళ్లకు ఇయ్యాల్నా? మిగిలింది ఎవలకేస్తరయ్యా, వాకిట్ల కుక్కకేస్తరు. నేను గట్ల ఇయ్య. ముందుగాల ఇచ్చేటిది ఇస్త, ఎనుక మేం చూసుకుంటం."

ఆయన మజాక్ అనుకొని నవ్విండు. నేనూ నవ్విన. మా అక్క ఒక్కతే నవ్వలే. ఆమెకు మొగుని సంగతి ఎరుక.

తెల్లారి నుంచి కాయిదా షురువైంది. పగలు ఫ్యాన్ బంద్. టీవీ బంద్. మిక్సీ బంద్, తొక్కు రోట్ల నూరుకోవాలె. ఎందుకంటే ఎగుమతి తగ్గుతది. సరే తీయ్, రాత్రి వేసుకుందామంటే అదీ వద్దు, దిగుమతి అయితది. దిగుమతి అంటే ఆయన లెక్కల అడుక్కునుడు. "పగలంత ఇచ్చినోళ్లం, పొద్దుగూకంగనే చెయ్యి చాపుతమా?" అంటడు. రాత్రిపూట ఫ్రిజ్ బంద్ పెట్టి పాలు ఇరగ్గొట్టిండు. అక్క లొల్లి పెడితే ఆఖరికి రాత్రి ఒక్క ఫ్యాన్‌కు, ఒక్క లైటు బుగ్గకు ఒప్పుకున్నడు.

"పగలు వేస్తే ఎగుమతి తగ్గె, రాత్రి వేస్తే దిగుమతి పెరిగె. మరి ఎప్పుడు వేసుకోవాలె బావా, పండుగకా?" అని అడిగిన.

"నీకు సమజ్ కాదు నాగరాణీ" అన్నడు.

నిజమే, నాకు ఇప్పటికీ సమజ్ కాలే.

తిన్న కంచం ఏనాడు కడిగిన చెయ్యి కాదది. గా చెయ్యి పొద్దుగాలనే దాబా ఎక్కి ప్లేట్లు కడుగుడు మొదలుపెట్టింది. మా దిక్కు సిమెంటు దుమ్ము మంచుకు తడిస్తే అట్ట కడ్తది, ఊకె పోదు. దాన్ని మెత్తటి బట్టతోని, దూడను కడిగినట్టు ముద్దుగ కడుగుతడు. అక్క కింద నీళ్లు మోసి మోసి నడుము పట్టుకొని కూసుంటే "జర మంచి నీళ్లు తేవే, ఇవి మురికున్నయ్" అని పైకెల్లి ఒర్లుతడు.

కడుగుడు అయినంక తయారై ఫోన్ పట్టుకొని హోటల్‌కు పోతడు. ఫోన్ల ఎగుమతి చూపించే గీత ఉంటది, ఎండ ఎక్కినకొద్ది పైకి పోతది. అది పోయి పోయి మారయ్యకు చూపిస్తడు. మారయ్యకు ఇప్పుడు చెవులు సక్కగ ఇనవడవు, కండ్లు సక్కగ కనవడవు. "ఏం మారయ్యా, నీ ఇంట్ల ఫ్యాన్ మంచిగ తిరుగుతాందా? అది నా కరెంటే. జర చూసి వాడుకో" అన్నడట ఒకనాడు. మారయ్య మనసుల ఏం పెట్టుకోకుంట, "గట్లనా? అయితే జర జోరు పెంచు రఘుపతీ, గాలి సాల్తలేదు" అన్నడు. హోటలంత పడి పడి నవ్విండ్రు. మా బావ నవ్వలే. "చూస్త" అన్నడు! దరఖాస్తు తీసుకున్నట్టే అన్నడు. ఇంటికొచ్చి అదే ముచ్చట గొప్పగ చెప్తాంటే నేను కొంగు నోట్ల కుక్కుకున్న.

ఎండకాలం షురువుల గాలివాన కొట్టి ఊర్ల తీగెలు తెగినయ్. అంత చీకటైంది. బావ ఎంత మురిసిండో చెప్పలేను, "ఇగ చూడుండ్రి, ఊర్ల మన ఇల్లొక్కటే ఎలుగుతది" అని వాకిట్లకొచ్చి నిలవడ్డడు. ఎలుగుడు లేదు, ఏం లేదు. తెల్లారి ఎండ మంచిగ కొట్టినా ఇంట్ల కరెంటు లేదు. ప్లేట్లు బిగించినాయనకు ఫోన్ చేసి తిడితే, లైన్ల కరెంటు లేకుంటే ప్లేట్లు గూడ ఆగుతయ్, తీగెల మీద పని చేసేటోళ్లకు షాక్ కొట్టకుంట గట్ల పెట్టిండ్రు అని చెప్పిండాయన. ఊరికి కరెంటు ఇచ్చేటాయన కొవ్వొత్తి కోసం మా ఇంటికొచ్చిండు. ఇచ్చిన. ఇది దిగుమతా బావా అని అడిగి మరీ ఇచ్చిన.

ఇంతవరకైతే నవ్వుకునే ముచ్చటే. ఎవల పిచ్చి వాళ్లకు ఆనందం అని ఊకుందుము. కానీ గప్పుడే మా హరిత పురుటికొచ్చింది.

హరిత అక్కకు ఒక్కతే బిడ్డ. హుజూర్‌నగర్‌ల ఇచ్చిండ్రు. అల్లుని పేరు శ్రీశైలం, రైసుమిల్లుల లారీ నడిపిస్తడు, వాళ్లది గొర్లు మేకలు పెంచే ఇల్లు, మంచోళ్లు. పెండ్లయినంక పిల్ల వచ్చి నాలుగు దినాలు నిమ్మళంగ ఉన్నది లేదు. మొదటి కాన్పు తల్లిగారింట్ల అయితది కాబట్టి ఇప్పుడు దొరికింది. ఆడపిల్ల పుట్టింది, హరిత తీరే. ఐదో నెల దాకా బిడ్డనూ మనుమరాలినీ ఇంట్ల పెట్టుకొని, నీళ్లు పోసి, ఒడిబియ్యం పోసి పంపాలె. మా అక్కకు అదొక్కటే కావాలె. పెండ్లయిన కాడికెల్లి ఆ మనిషిని ఏమన్న అడిగిందంటే అదే అడిగింది.

మే నెల ఎండ. మా దిక్కు గోడ మీద చెయ్యి పెడితే బొబ్బలెక్కుతది. గా ఇంట్ల, సోలార్ ప్లేట్ల కింద, పచ్చి బాలెంత ఇసనకర్రతోని పసిపిల్లకు ఇసురుకుంట కూసున్నది. నేను నా రెండు కండ్లతోని చూసిన. నా ఒళ్లు మండింది.

"బాపూ, ఒక్క ఫ్యాన్ వేసుకుంటనే" అని హరిత అడిగింది.

"ప్లేట్ల నీడ పడ్తాంది గద బిడ్డా, ఇల్లు సల్లగనే ఉన్నది. రాత్రి వేసుకుందువు. వానలు పడ్డంక పగలు గూడ వేసుకుందాం" అన్నడు.

వానలు పడ్డంక ఫ్యానట! నవ్వాల్నా ఏడ్వాల్నా మీరే చెప్పుండ్రి.

ఆయన చెల్కకు పోయినప్పుడు అక్క చప్పుడు చెయ్యకుంట ఫ్యాన్ వేసింది. అంతల్నే ఫోన్ మోగింది. "ఎవలు వేసిండ్రు?" చెల్కల ఉన్నోనికి ఎట్ల తెలిసిందంటే, ఫోన్ల గీత కిందికి దిగిందట. పత్తి చేన్ల పురుగు పడ్డా చూడని మనిషి ఆ గీతను చూసుకుంట గట్టు మీద కూసున్నడు. అక్క ఫ్యాన్ బంద్ పెట్టింది. ఎందుకు పెట్టినవని నేను ఆమె మీద గూడ ఒర్లిన.

"లొల్లి అయితే పిల్ల బాధపడ్తది. ఆ ముచ్చట హుజూర్‌నగర్ పోతది. వాళ్లొచ్చి తీస్కపోతరు నాగరాణీ" అన్నది. అక్క భయం మొగునికి కాదు, ఆ పిల్ల పోతదేమోనని.

"పోనీ, పగటీలి మా ఇంట్ల పండుకోనీ" అన్న. దానికీ బావ అడ్డం పడ్డడు. సోలార్ ఉన్న ఇంటోళ్లు పక్కింటికి గాలి కోసం పోతే ఇజ్జత్ పోతదట. పసిదాని మెడ కింద, వీపు మీద చెమటకాయలు లేచినయ్. తర్వాత ఒళ్లు కాలింది. దవాఖానకు తీస్కపోతే డాక్టరమ్మ, పిల్లను గాలి తగిలే కాడ ఉంచుండ్రని గట్టిగ చెప్పింది. "మేం ఫ్యాన్ల కింద పెరిగినమా?" అన్నడు బావ. నిన్ను మీ అమ్మ యాప చెట్టు కింద పండవెట్టింది బావా, పొయ్యిల పండవెట్టలే అని నేను అన్న. నాతోని మాట్లాడుడు బంద్ చేసిండు. పీడ పోయింది అనుకున్న.

గప్పుడు హరిత అత్త సత్తమ్మ మనుమరాలిని చూడనీకి వచ్చింది. అంబటాల్ల, మిట్ట మధ్యాహ్నం ఎండల, ఆటో దిగి నెత్తి మీద కొంగేసుకొని వచ్చింది. తక్కువ మాట్లాడే మనిషి. నేనప్పుడు ఆడనే ఉన్న. ఆమె లోపలికొచ్చి, కోడలి చేతిల ఇసనకర్ర చూసి, పైన ఆగి ఉన్న ఫ్యాన్ చూసింది.

"కరెంటు పోయిందా వదినా?"

నేను నోరు తెరిచిన. అక్క నా కాలు తొక్కింది.

"ఇప్పుడే పోయింది వదినా."

"మీకు సోలార్ ఉన్నది గద?"

"లైన్ పోతే అదీ ఆగుతదట" అన్నది అక్క. ఆ మాటైతే అబద్ధం కాదు.

సత్తమ్మ సరే అని తల ఊపింది. కూసొని, మనుమరాలిని ఒళ్లోకి తీస్కొని, మెడ కింద చెమట కొంగుతోని తుడ్సింది. కాయలు చూసింది. "ఎండలు గట్లున్నయ్ మరి" అన్నది. అక్క నీళ్లిచ్చింది. గండం గడిచింది అనుకొని నేను ఊపిరి తీసుకున్న.

గప్పుడొచ్చిండు మా బావ. వియ్యపురాలు వచ్చిందని హోటల్ కాడ ఎవలో చెప్తే ఉరికొచ్చిండు. చెప్పులు గూడ ఇడ్వలే, ఫోన్ చేతిల పట్టుకొనే ఉన్నడు.

"మంచిగున్నవా చెల్లె? మంచి యాళ్లకొచ్చినవ్, గిది చూడు" అని ఆమె మొహం ముంగట ఫోన్ పెట్టిండు. "గీ నిమిషంల మా ఇంటి మీదికెల్లి లైన్లకు ఎంత పోతాందో చూడు. ఇంత ఎగుమతి ఎన్నడు పోలే. ఇయ్యాల పొద్దుగాలకెల్లి మేం గింత గూడ ముట్టలే!"

అక్క తల వంచుకున్నది. హరిత కండ్లు మూసుకున్నది.

"అయితే లైన్ల కరెంటు ఉన్నదా అన్నా?" అని సత్తమ్మ అడిగింది.

"ఉండక ఏడికి పోతది? పొద్దుగాలకెల్లి ఒక్క నిమిషం పోలే."

సత్తమ్మ ఏడుస్తున్న పిల్లను భుజానేసుకొని లేచింది. గోడ కాడికి పోయి స్విచ్చు వేసింది. ఫ్యాన్ తిరిగింది. పిల్ల నెత్తి మీద రెండు ఎంటికలు గాలికి లేచినయ్, ఏడుపు ఆపి పైకి చూసింది. మనిషైనోడు గప్పుడన్న మనుమరాలి దిక్కు చూడాలె గద! మా బావ ఫోన్ దిక్కే చూస్తాండు.

"అగో, పడిపోయింది" అన్నడు.

నేను సిగ్గుతోని సచ్చిపోయిన. నా మొగుడు కాదు, నా ఇల్లు కాదు, అయినా సచ్చిపోయిన.

"అన్నా, నువ్వు ఊరికి ఇచ్చుకో. నా మనుమరాలి గాలి నేను చూసుకుంట" అన్నది సత్తమ్మ. గొంతు గూడ పెంచలే. "హరితా, బట్టలు సదురు బిడ్డా."

అక్క ఆమె చేతులు పట్టుకున్నది. తప్పైంది వదినా, ఇగ పగలంత వేస్త, నా మాట నమ్ము, ఐదో నెల దాకా ఉండనీ అని బతిమాలింది. పెద్ద మనిషి, చిన్నపిల్ల తీరు ఏడ్సింది.

"నువ్వు అబద్ధమాడినవని కోపం లేదు వదినా" అన్నది సత్తమ్మ. "నీతోని అబద్ధం ఆడిపిచ్చిన ఇంట్ల పిల్లను ఎట్ల ఇడ్సిపెట్టి పోవాలె చెప్పు?"

అక్క కండ్లు తుడ్సుకొని లోపలికి పోయింది. హరిత సంచి సదిరింది. దాని ఎంబడే అక్క ఇంకో సంచి తెచ్చింది, అండ్ల తన చీరెలు.

"పిల్లకు నీళ్లు పోసుడు, బాలెంతకు వండి పెట్టుడు తల్లి పని. ఈడ కానియ్యలే. మీ ఇంటికొచ్చి చేస్త, రానిస్తవా వదినా?" అన్నది.

మా దిక్కు బిడ్డ అత్తగారింటికి తల్లి పోతే, మంచినీళ్లు తాగి లేచొస్తది. ఆడ నిద్ర చెయ్యదు. నెలలకు నెలలు ఉండుడు ఎన్నడు ఇనలే. సత్తమ్మ ఆ సంచి అందుకొని వాకిట్ల ఆగిన ఆటోల పెట్టింది. "అండ్లేమున్నది, ఎక్కు వదినా" అన్నది.

"వియ్యపోల్ల ఇంట్ల కూసొని తింటవానే? నలుగురు ఏమంటరు?" అని బావ ఆటో ఎనుక ఒర్లిండు. అక్క తిరిగి చూడలే. నాకు ఆనాడు మా అక్క మీద ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను.

ఇగ ఆ ఇంట్ల స్విచ్చు వేసేటోళ్లు లేరు. ఎగుమతి అంటే గదీ ఎగుమతి! గీత ఆకాశానికి పోయింది. దాన్ని పట్టుకొని హోటల్‌కు పోతే ఎవడో, "రఘుపతీ, ఇంటిదాన్ని గూడ ఎగుమతి చేసినవట గద?" అని అడిగిండు. ఆ దినం నుంచి హోటల్ బంద్. ప్లేట్లు కడుగుడు గూడ బంద్, దుమ్ము అట్ట కట్టి బూడిద రంగుకొచ్చినయ్. అన్నం వండుకోనీకి రాదు. నేనే రెండు పూటలు గిన్నె పంపిన, ఆయన మొహం చూసి కాదు, మా అక్క పేరు మీద. శ్రీశైలం ఇంటిది రేకుల కప్పు. గా రేకుల కింద పొద్దంత కూలర్ నడుస్తదని, పిల్ల చెమటకాయలు ఎండిపోయినయని అక్క ఫోన్ల చెప్పింది.

ఒకనాడు పగటీలి బావ మా వాకిట్లకొచ్చి నిలవడ్డడు. గడ్డం పెరిగింది. "నాగరాణీ, జర ఇంటికి రా" అన్నడు. పోయిన. కొత్త కూలర్ తెచ్చి, హరిత పండుకున్న అర్రల పెట్టిండు, నీళ్లు పోసిండు, జోరుగ నడిపిస్తాండు. అన్ని ఫ్యాన్లు తిరుగుతున్నయ్. ఎండ కొట్టే యాళ్ల బుగ్గలు గూడ ఎలుగుతున్నయ్.

"మీ అక్క నా ఫోన్ ఎత్తుతలేదు. నీ ఫోన్లకెల్లి చెప్పు. కూలర్ తెచ్చిన, పొద్దుగాలకెల్లి నడిపిస్తున్న, ఆపలే, ఇగ ఆప అని చెప్పు" అన్నడు.

ఫోన్ చేసిన. స్పీకర్ పెట్టిన, కావాలనే పెట్టిన. అవతల పిల్ల ఊ కొడ్తాంది, అక్క దానితోని ముచ్చట పెడ్తాంది. బావ చెప్పమన్నది చెప్పమన్నట్టే చెప్పిన, కూలర్ చప్పుడు గూడ ఇనిపిచ్చిన.

అక్క అంత ఇన్నది. తర్వాత అడిగింది.

"ఇంట్ల ఎవలున్నరు?"

"బావ ఒక్కడే."

"మరి పిల్ల పండుకునే అర్రల ఎవలకు నడిపిస్తాండు?"

బావ నా దిక్కు చూసిండు, జవాబు నేను చెప్తనేమోనని. నేనెందుకు చెప్త?